నావిగేటరు తలుపు

ఫోను మోగినప్పుడు సూర్యనారాయణ బెల్లం గానుగ దగ్గర బల్ల మీద కూర్చుని, ఎవరూ అడగని సలహాలు చెబుతున్నాడు. డెబ్బై ఏడేళ్ల మనిషికి అక్కడ పనేమీ లేదు. చెరకు ఆడించేదీ, పాకం చూసేదీ కొడుకు పైడిరాజు. అయినా మాఘమాసం వచ్చి పొయ్యి వెలిగిందంటే ఈయన ఇంట్లో నిలవడు. "మంట తగ్గించండ్రా, మాడిపోద్ది" అని అరుస్తాడు. ఎవరూ వినరు, బెల్లమూ మాడదు. కశింకోట పక్కనున్న ఆ ఊళ్లో అందరికీ ఇది ఏటేటా ఉండే తంతే.

"తాతగారూ, నా పేరు హాసిని అండీ. వైజాగ్ నుంచి మాట్లాడుతున్నాను. ఫ్లైట్ లెఫ్టినెంట్ చంద్రమౌళిగారని, మీకు గుర్తున్నారో లేదో..."

గుర్తుండకపోవడమా! సూర్యనారాయణ ఫోను చెవి దగ్గర్నుంచి తీసి దానికేసి ఓసారి చూశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఆయన మా తాతయ్యండీ. ఆయన విమానానికి పనిచేసింది మీరే కదా? ఎయిర్‌ఫోర్స్‌లో రిటైరైనవాళ్ల వాట్సాప్ గ్రూపులో మీ పేరు దొరికింది. మా నాన్నమ్మ మిమ్మల్ని ఒక్కసారి చూడాలంటోంది. ఆదివారం రమ్మంటారా?"

వద్దనడానికి సవాలక్ష వంకలున్నాయి. ఒంట్లో బాగోలేదనొచ్చు, ఊళ్లో ఉండననొచ్చు. కానీ "రండమ్మా" అనేశాడు. ఆ మాటన్నది ఈ ముసలాయన కాదు, ఇరవై మూడేళ్ల కార్పొరల్ సూర్యనారాయణ. ఆఫీసరు ఇంటి నుంచి కబురొస్తే కాదనడం వాడికి చేతకాదు.

ఇంటికొచ్చేసరికి మరిడమ్మ వాకిట్లో మినుములు చెరుగుతోంది. మొగుడి ముఖం చూసి చేట ఆపింది.

"ఏటయ్యా, మొకం అలా పీక్కుపోనాది? గానుగ కాడ ఎవుడైనా తిట్టేడేటి?"

"మౌళి సారు ఇంటోళ్లు వత్తన్నారే. ఆదివారం."

"ఓలమ్మ! పట్నం ఆఫీసరుగారోళ్లు మనింటికా! ఇన్నేళ్లు ఆ ఎయిర్‌ఫోర్సు మాటెత్తితే మూతి ముడుసుకునీవోడివి, ఇంత పెద్దోళ్లు తెలుసని ఒక్కనాడు సెప్పేవా?" అని మరిడమ్మ ఆ పూటే గోడలకి సున్నం వేయించాలని లేచింది. మర్నాడు మొగుణ్ణి షేరాటో ఎక్కించి, మంచి కప్పులూ బిస్కట్లూ తెమ్మని అనకాపల్లి పంపింది. ఆయన మెయిన్ రోడ్డు మీద గంటసేపు నిలబడి, దేనికొచ్చాడో గుర్తురాక ఉత్తి చేతులతో తిరిగొచ్చాడు. అందుకు మళ్లీ తిట్లు తిన్నాడు.

ఇక మీ దగ్గర దాచి లాభం లేదు, చెప్పేయాలి. చంద్రమౌళి చచ్చిపోయాడనీ, అందుకు కారణం తానేననీ సూర్యనారాయణకి తెలుసు. ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. మరిడమ్మకి కూడా.

ఆ విమానం బాంబరు. కాన్‌బెర్రా అంటారు. దాని పొట్టలో టన్నులకొద్దీ బాంబులు పట్టేవి గానీ మనుషులు ఇద్దరే. పైలట్ సేథీ పైన గాజు మూత కింద కూర్చునేవాడు. నావిగేటర్ చంద్రమౌళి ముక్కు భాగంలో ఇరుకున మ్యాపులు ముందేసుకుని దారి చెప్పేవాడు, గురి దగ్గరికి రాగానే బోర్లా పడుకుని బాంబులు విడిచేవాడు. ఆపదొస్తే పైలట్‌ని కుర్చీయే పైకి విసిరేస్తుంది. నావిగేటరుకి అలాంటి కుర్చీ లేదు. ఆయన పాక్కుంటూ పక్క తలుపు దగ్గరకొచ్చి, పిడి లాగి, తలుపు ఊడి గాల్లోకి పోయాక పారాచూట్‌తో దూకాలి. విమానం నేల మీదుండగా ఆ తలుపు పొరపాటున ఊడిపోకుండా బయటినుంచి ఒక పిన్ను పెట్టేవారు, మనం గొళ్లేనికి పుల్ల దోపినట్టు. బయల్దేరేముందు అది తీసేయాలి. తీయకపోతే లోపలి మనిషి చేతులు పడిపోయేలా లాగినా తలుపు రాదు.

ఒక్కో విమానానికి అలాంటి పిన్నులు అయిదు, ఒక్కోదానికీ ఒక ఎర్రగుడ్డ పీలిక. కిందున్న మనిషి అయిదూ తీసి, చెయ్యెత్తి పైలట్‌కి చూపించాలి. పైలట్ లెక్కపెట్టుకుని బొటనవేలు పైకెత్తితే బండి కదులుతుంది. తలుపు పిన్ను అన్నిటికంటే ఆఖరున తీస్తారు. తలుపు నొక్కి మూయడానికి రెండు చేతులూ కావాలి గనక, దాన్ని తీసి ప్యాంటు జేబులో పడేసుకోవడం సూర్యనారాయణకి అలవాటు.

డెబ్బై ఒకటిలో యుద్ధం మొదలైన మూడోరోజు. పొద్దు గూకుతోంది. తోటివాడికి జ్వరమొస్తే ఆ వేళ రెండు విమానాలూ ఈయన నెత్తిన పడ్డాయి. మొదటిది పంపాడు. దాని నాలుగు పిన్నులు సంచిలో వేశాడు, అయిదోది అలవాటు కొద్దీ మళ్లీ జేబులోకే పోయింది. రెండోది సేథీ, చంద్రమౌళిలది. అందరూ త్వరగా త్వరగా అని తరుముతున్నారు. నాలుగు పిన్నులు తీశాడు. తలుపు మూశాడు. జేబు తడుముకుంటే పిన్ను తగిలింది. తీసేశాననుకున్నాడు. అయిదు పీలికలూ ఎత్తి చూపించాడు. సేథీ బొటనవేలు ఎత్తాడు.

సంచులు సర్దుతుంటే పది ఉండాల్సిన పిన్నులు తొమ్మిదే ఉన్నాయి.

అప్పటికైనా మించిపోలేదు, అసలు పాపం అక్కడే ఉంది. కంట్రోల్ టవర్ పరుగెత్తితే మూడు నిమిషాల దూరం. చెబితే రేడియోలో వెనక్కి పిలుద్దురు, దించుదురు, పిన్ను తీసి మళ్లీ పంపుదురు. కానీ కోర్టు మార్షల్, జైలు, కాపురానికొచ్చి ఏడాదైనా కాని మరిడమ్మ, ఇవన్నీ ఆ కుర్రాడి కాళ్లకి అడ్డం పడ్డాయి. నిన్నా మొన్నా తిరిగి రాలేదా, ఇవాళా వస్తారు, రాగానే చడీచప్పుడు లేకుండా తీసేస్తాను అనుకుని అక్కడే నిలబడ్డాడు. విమానం రాలేదు. తర్వాత విచారణలో అడిగితే "అన్నీ తీసేను సార్" అన్నాడు, సంతకం పెట్టాడు. అంతే, ఆనాటి నుంచీ తేలు కుట్టిన దొంగలా నోరెత్తలేదు.

ఆదివారం పదిగంటలకి కారొచ్చి వాకిట్లో ఆగింది. ముందు హాసిని దిగింది, పాతికేళ్ల పిల్ల. చెయ్యి పట్టుకుని నాన్నమ్మని దింపింది. దుర్గాలక్ష్మి పొడుగాటి, సన్నటి మనిషి. నేత చీర, తెల్లటి జుట్టు, నుదుట రూపాయి కాసంత కుంకుమ బొట్టు. చేతినిండా మట్టిగాజులు, కాళ్లకి మెట్టెలు. సూర్యనారాయణ ఆ బొట్టు చూసి తల దించుకున్నాడు. మళ్లీ ఎత్తడానికి చాలాసేపు పట్టింది.

మరిడమ్మకి ఏం తెలుసు పాపం! ఆ బొట్టు చూసి నిండు ముత్తయిదువే అనుకుంది. కుర్చీ తుడిచి వేస్తూ, "సారుగారు రాలేదేటమ్మా? ఆరిని కూడా తీసుకురావలసింది" అంది.

హాసిని గతుక్కుమంది. దుర్గాలక్ష్మి మాత్రం చిన్నగా నవ్వింది.

"వస్తారమ్మా. వాళ్లింకా పంపలేదు."

ఎవరు పంపలేదో మరిడమ్మకి అర్థం కాలేదు. దుర్గాలక్ష్మే చెప్పింది. ఎన్నిసార్లు చెప్పిందో, ఎక్కడా తడుముకోలేదు. పాకిస్తాన్ మీదకి బాంబులు వేయడానికి వెళ్లినప్పుడు విమానానికి దెబ్బ తగిలి మంటలు లేచాయి. పైలట్ సేథీ దూకి వాళ్లకి పట్టుబడ్డాడు. మరుసటి ఏడాది ఖైదీలని విడిచిపెట్టినప్పుడు ఆయన ఢిల్లీ నుంచి నేరుగా ఈవిడ దగ్గరికొచ్చాడు. "దూకెయ్ మౌళీ అన్నానమ్మా. వెళ్తున్నా అన్నాడు. చెవులకున్న తీగ పీకేసుకుని తలుపు దాకా పాకడం నా కళ్లతో చూశాను. అప్పుడే నేను దూకాను" అన్నాడు. పాకిస్తాన్‌వాళ్లేమో ఒక్క ఖైదీయే దొరికాడు, రెండోవాడు విమానంలోనే కాలిపోయాడు అన్నారు.

"తలుపు దాకా వెళ్లినాయన దూకకుండా ఎందుకుంటారు, మీరే చెప్పండి" అంది దుర్గాలక్ష్మి. "దూకారు. ఎక్కడో ఏ జైల్లోనో పేరు మార్చి దాచారు. పన్నెండేళ్లు దాటింది, దర్భబొమ్మ చేసి కర్మ చేసేయమన్నారు అందరూ. బతికున్న మనిషికి పిండం పెట్టమంటారేమిటని గెంటేశాను. ఆయన వెళ్లేనాటికి మా అబ్బాయికి ఆరు నెలలు. ఇప్పుడు వాడికి యాభై నాలుగు దగ్గర పడుతున్నాయి. ఈ కాగితాల మాటెత్తితే లేచి వెళ్లిపోతాడు. అందుకే దీన్ని వెంటేసుకు తిరుగుతున్నాను."

"నాన్నమ్మ ఇప్పటికీ నేల మీదే పడుకుంటుంది తాతగారూ" అంది హాసిని. "డాక్టరు చెప్పినా వినదు."

"ఆయనకి అక్కడ మంచమేస్తారా ఏం?" అని కసిరింది దుర్గాలక్ష్మి.

మరిడమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని టీ పెట్టడానికి లోపలికి పోయింది. సూర్యనారాయణ అరుగు అంచున, చేతులు మోకాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు.

"నేల మీద ఆఖరిసారి ఆయన్ని చూసింది మీరేనటగా సూర్యనారాయణగారూ. సేథీగారు పోయినేడు కాలం చేశారు. ఇంక మీరొక్కరే మిగిలారు. ఏం మాట్లాడారు? ఏం చేశారు? ఏదైనా చెప్పండి, చిన్నదైనా సరే."

ఇది నిజంగా చెప్పగలిగింది కాబట్టి సూర్యనారాయణ ఆత్రంగా చెప్పాడు. "నన్ను పేరెట్టి పిలిసేవోరు కాదు మేడమ్. 'ఏమోయ్ అనకాపల్లీ' అనేవోరు. అక్కడ అందరిదీ హిందీయే. తెలుగు మా ఇద్దరికే. సెలవుకెళ్తే బెల్లం తెమ్మనేవోరు. తెత్తే, బాంబులు ఎక్కించీ కుర్రోళ్లందరికీ తలో ముక్కా పంచీసి, ఆరికి ఏటీ మిగిల్సుకునీవోరు కాదు. ఎర్రగా కాలిన పెనం లాంటి రన్‌వే మీద మధ్యాన్నం పూట పనిసేత్తంటే, ఆఫీసరైయుండి ఆరే మంచినీళ్లు తెచ్చి ఇచ్చేవోరు. ఆరోజు... ఆరోజు బాబు ఫోటో సూపించేరు. పళ్లు రాకుండానే ఎలా నవ్వుతున్నాడో సూడు అన్నారు. ఫోటో జేబులో ఎట్టుకుని, గుండీ ఎట్టుకుని ఎక్కేరు."

దుర్గాలక్ష్మి ముఖం చిన్నపిల్ల ముఖంలా విచ్చుకుంది. "ఆ ఫోటో నేనే పంపాను. అందిందో లేదో ఇన్నేళ్లుగా తెలీదు నాకు" అంది. ఆమె కళ్లలోంచి నీళ్లు కారాయి. తుడుచుకోలేదు. సూర్యనారాయణకి ఆ క్షణంలో చచ్చిపోవాలనిపించింది.

అప్పుడు హాసిని సంచిలోంచి కాగితం తీసింది. ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. తెలుగులో చదివి చెప్పింది. ఆ విమానాన్ని చూసుకున్న ఎయిర్‌మన్ సూర్యనారాయణ అనే నేను, ఆ సాయంత్రం విమానం తలుపు సరిగ్గా పనిచేస్తోందనీ, ఆపదలో తెరుచుకుని తీరుతుందనీ ధ్రువీకరిస్తున్నాను. కింద సంతకానికి చోటు.

"తలుపు బాగుందని మీరు రాసిస్తే, ఆయన తలుపు దాకా వెళ్లారని సేథీగారు రాసిచ్చింది ఎలాగూ ఉంది" అంది దుర్గాలక్ష్మి. "రెండూ కలిపి ఢిల్లీకి పంపుతాను. వాళ్ల జైళ్లలో మళ్లీ వెతకమని అడుగుతారు. ఇదే నా ఆఖరి అర్జీ. డెబ్బై అయిదు దాటాయి, గుండెకి రెండు స్టెంట్లు వేశారు. ఇంకోటి రాసే ఓపిక లేదు."

హాసిని పెన్ను మూత తీసి ఇచ్చింది. సూర్యనారాయణ అందుకున్నాడు.

పెట్టేస్తే పోయేదేముంది? ఒకప్పుడు పెట్టిన సంతకమే కదా, దానికి ఇది తోడు. ఆవిడ సంతోషంగా వెళ్లిపోతుంది. ఇంకో నాలుగేళ్లో అయిదేళ్లో బతుకుతుంది. ఆ ఆశతోనే పోతుంది. ముసలితనంలో ఆవిడ ఊతకర్ర లాక్కోవడం కన్నా పాపం ఇంకోటుందా? తానూ పరువుగా పోతాడు. కాగితం తొడ మీద పెట్టుకున్నాడు. పెన్ను ఆనించాడు. కానీ ఊరికే ఉండలేక ఒక మాట అడిగాడు.

"మేడమ్, ఈ కాయితం పంపినాక, ఆళ్లు మళ్లీ లేరంటే?"

"అంటే ఏం చేస్తాను? ఎదురుచూస్తాను." ఆవిడ గొంతు తగ్గించింది, మనవరాలికి వినబడకూడదన్నట్టు. "నాకు ఒక్కటే భయం సూర్యనారాయణగారూ. మీరు మిలిటరీ మనిషి, మీకు తెలుస్తుంది. వాళ్లు ఆయన్ని ఇంకా కొడుతున్నారంటారా? ఎనభై ఏళ్లొచ్చాయి ఆయనకి. మతి పోయిందేమో, తన పేరు తనకే తెలీదేమో. కేకలు పెడుతున్నట్టు కలలొస్తాయి. లేచి కూర్చుంటాను. నేనేం చేయలేను కదా. మళ్లీ పడుకుంటాను. ఇలా ఎన్నేళ్లనుకున్నారు?"

పెన్ను కిందపడింది.

"కొట్టడం లేదమ్మా" అన్నాడు సూర్యనారాయణ. "ఎవులూ కొట్టలేదు. సారు దూకలేదు. ఆ తలుపు తెరుసుకోదు మేడమ్. నేను పిన్ను తియ్యలేదు."

చెప్పేశాడు. మొదటి విమానం, జేబులో పిన్ను, ఎత్తి చూపించిన అయిదు పీలికలు, సంచిలో తొమ్మిది. టవరు దాకా పరుగెత్తకుండా ఎందుకు నిలబడ్డాడో కూడా చెప్పాడు. "భయమేసింది మేడమ్. నా కోసం భయమేసింది. విచారణలో అబద్ధం సెప్పేను. మరింక ఏటీ లేదు." టీ కప్పులు పట్టుకుని గుమ్మంలోకొచ్చిన మరిడమ్మ అన్నీ విని అలాగే నిలబడిపోయింది.

"మీరు మనిషేనా?" హాసిని లేచింది. "ఇక్కడికొచ్చాక చెప్తారా ఇది? మేం రాకపోతే? మా నాన్న ఎలా పెరిగాడో తెలుసా మీకు? ఎవరు తలుపు కొట్టినా వాళ్ల నాన్నే అనుకుని పరుగెత్తేవాడట. మిమ్మల్ని... మీ మీద కేసు పెట్టాలి!"

"కేసెట్టమ్మా. నేనే రాసిత్తాను" అన్నాడు సూర్యనారాయణ.

"ఏటయ్యా, నిజివేనా?" అంది మరిడమ్మ. ఆయన తలూపాడు. ఆవిడ కప్పులు కింద పెట్టి, మొగుడికి దూరంగా, ద్వారబంధానికి ఆనుకుని కూలబడింది.

దుర్గాలక్ష్మి చెయ్యెత్తి మనవరాలిని ఆపింది. అవతల గానుగ ఇంజను చప్పుడు వినిపిస్తోంది.

"సేథీగారు దూకాక విమానం ఎంతసేపు గాల్లో ఉంది?"

"సేథీ సారు విచారణలో సెప్పేరు మేడమ్. అర నిమిషం. కిందపడ్డం ఆరు గాల్లోంచి సూసేరు."

"అర నిమిషం పిడి లాగుతూ ఉన్నారన్నమాట."

"అవునమ్మా."

"అర నిమిషం" అంది దుర్గాలక్ష్మి మళ్లీ. "యాభై మూడేళ్లు కాదు. అర నిమిషం." పమిట ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అణుచుకున్న ఏడుపు కాదు, పుట్టెడు దుఃఖంతో ఊరంతా వినేటట్టు ఏడ్చింది. "అయితే చలికి వణకలేదు. దెబ్బలు తినలేదు. నా మీద బెంగ పెట్టుకోలేదు. నాయనా, నాయనా! ఆ రాత్రికే అయిపోయిందా నీకు!"

హాసిని నాన్నమ్మని పొదివి పట్టుకుంది. ఏడుపు తగ్గాక దుర్గాలక్ష్మి తలెత్తి సూర్యనారాయణకేసి చూసింది. ఇప్పటిదాకా ఉన్న గారూ, మీరూ పోయాయి.

"పిన్ను మర్చిపోయావు. మనిషివి, చెయ్యి పొరపడింది. భయపడ్డావు, చిన్నవాడివి. అదీ పోనీ. కానీ తర్వాత? ఒక్క కార్డుముక్క రాయడానికి చేతులు లేకపోయాయా? పేరు కూడా పెట్టక్కర్లేదు. 'అమ్మా, ఆయన లేరు' అని రాస్తే, నేను కొడుకుని ఒళ్లో వేసుకుని ఏడవాల్సిందేదో ఏడ్చి లేచేదాన్ని. ఇరవై రెండేళ్లు నాకు. నువ్వు ఆయన్ని అర నిమిషంలో చంపావు. జైల్లో పెట్టింది మాత్రం యాభై మూడేళ్లు. పాకిస్తాన్‌వాళ్లు కాదు, నువ్వు పెట్టావు. ఆయన్నీ, నన్నూ."

సూర్యనారాయణ చేతులు జోడించలేదు. క్షమించమనీ అనలేదు. ఆ మాట అడిగే మొహం లేదని ఆయనకి తెలుసు. "అవునమ్మా" అన్నాడు.

దుర్గాలక్ష్మి కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. "నీళ్లెక్కడున్నాయి?" అంది.

హాసిని గబగబా సంచిలోంచి బాటిల్ తీసింది.

"తాగడానికి కాదే. కబురు విన్నాను కదా, స్నానం చెయ్యొద్దూ?"

హాసినికి అర్థం కాలేదు. మరిడమ్మకి అర్థమైంది. అయినవాళ్లు పోయారన్న కబురు ఎప్పుడు వింటే అప్పుడే, ఎన్నేళ్ల తర్వాత విన్నా సరే, కట్టుబట్టలతో తల మీద నీళ్లు పోసుకోవాలి. అది చేస్తే, పోయినవాళ్లు పోయారని ఒప్పుకున్నట్టు. యాభై మూడేళ్లుగా ఎవరెంత బతిమాలినా ఆవిడ ఒప్పుకోనిది అదే.

"ఇక్కడెందుకు నాన్నమ్మా? ఇంటికెళ్లి, నాన్నతో..."

"విన్నచోటే చెయ్యాలి. పద."

పెరట్లో బోరింగు ఉంది. మరిడమ్మ బకెట్టూ చెంబూ తెచ్చింది. సూర్యనారాయణ ఎవరూ చెప్పకుండానే వెళ్లి బోరింగు కొట్టడం మొదలుపెట్టాడు. మోకాళ్లు పట్టేసే మనిషి, రొప్పుతూ కొట్టాడు. దుర్గాలక్ష్మి చప్టా మీద తూర్పుకి తిరిగి కూర్చుంది. మరిడమ్మ మొదటి చెంబు ముంచి ఆగింది, "నాను పోయొచ్చేటమ్మా?" అని.

"పొయ్యి తల్లీ. నువ్వేం చేశావు?"

నీళ్లు తల మీదనుంచి దిగాయి. నుదుటి కుంకుమ కరిగి ముక్కు పక్కనుంచి, గడ్డం మీదనుంచి ఎర్రగా కారి చీరలోకి ఇంకింది. ఆవిడ తుడుచుకోలేదు, ఆపుకోనూ లేదు. రెండో చెంబుకి చిన్నగా భర్త పేరు తీసి పిలిచింది. పెళ్లయ్యాక ఆయన్ని పేరుతో పిలవడం అదే మొదటిసారని హాసినికి తరువాత చెప్పింది. మూడో చెంబుకి లేచి నిలబడింది. మరిడమ్మ, పైడిరాజు పెళ్లిలో తనకి పెట్టిన, ఇంతవరకూ కట్టని చీర ఒకటి తెచ్చి చేతులు చాచింది. దుర్గాలక్ష్మి తీసుకుంది గానీ వెంటనే లోపలికి పోలేదు. బోరింగు పిడి పట్టుకుని ఆయాసపడుతున్న ముసలాయన దగ్గరికి వచ్చింది.

"నువ్వూ పోసుకో" అంది.

సూర్యనారాయణ తెల్లబోయి చూశాడు. "నేనేటమ్మా, ఆరికి నేనేటవుతాను?"

"ఏమీ అవవు. కానీ ఆయన పోయిన సంగతి ఈ లోకంలో తెలిసింది నీకు ఒక్కడికే. తెలిసినవాడివి ఆ రోజే పోసుకోవాలి. యాభై మూడేళ్లుగా మైలతోనే తిరుగుతున్నావు. కూర్చో."

ఆయన చొక్కాతోనే చప్టా మీద కూర్చున్నాడు. మరిడమ్మ చెంబు ముట్టుకోలేదు, అటు తిరిగి నిలబడింది. హాసిని ఒక్క నిమిషం ఆలోచించి, వెళ్లి బోరింగు కొట్టింది. సూర్యనారాయణ చెంబు ముంచాడు. సగం నీళ్లు భుజం మీదే పోయాయి. మళ్లీ ముంచాడు. ఈసారి తల మీద పడ్డాయి. "మౌళి సారూ" అని ఒక్క కేక పెట్టాడు. ఆ తర్వాత వెక్కివెక్కి ఏడ్చాడు, చెంబు కిందపెట్టలేదు.

మూడు చెంబులూ అయ్యేదాకా దుర్గాలక్ష్మి తడిచీరతో అక్కడే నిలబడింది.